నిమ్మలం, దూకుడు, ఎనభై సైకిళ్లు

ఇస్సాకు ఏ పనికైనా ముందు లెక్క వేసుకునే మనిషి. మట్టెవాడ బజారులో సైకిళ్ల దుకాణం పెట్టి ఇరవై రెండేళ్లయింది. లోపలికి వచ్చిన మనిషి చెప్పులు చూసి ఎంతసేపు బేరమాడతాడో చెప్పగలడు. ముసురు పట్టిన రోజు ఎన్ని పంక్చర్లు వస్తాయో, బడులు తెరిచిన వారం ఎన్ని సైకిళ్లు కదులుతాయో ముందే చెప్పగలడు. అలాంటి మనిషికి ఒకే ఒక్క లెక్క తప్పింది. దుకాణం గోడకు టీవీ తగిలించడం.

రెండేళ్ల కింద హసన్‌పర్తి కాలేజీల పిల్లలు కొంటారని గేర్ల సైకిళ్లు నాలుగు తెచ్చాడు. అవి కదల్లేదు. ఫ్రాన్సు దేశంలో ఏటా జులైలో మూడు వారాల సైకిల్ పందెం జరుగుతుందనీ, అది చూపిస్తే జనానికి గేర్ల మీద మనసు పుడుతుందనీ ఎవరో చెప్పారు. టీవీ కొని, వరసగా వేలాడే టైర్ల పైన బిగించాడు. ఆ నాలుగు సైకిళ్లలో రెండు ఇప్పటికీ ప్లాస్టిక్ కవరు విప్పకుండా అట్లాగే ఉన్నాయి. ఆ పందేనికి అమ్ముడుపోయింది మాత్రం అతని ఇద్దరు మిస్త్రీలు.

ఒకాయన రాజమల్లు. అరవైకి దగ్గర పడ్డాడు. రోజూ పరకాల నుంచి మొదటి బస్సులో దిగుతాడు. చెయ్యి మహా వడి. పానా పట్టాడంటే ఎదుటి మనిషి గుక్క చాయ్ మింగేలోపు హ్యాండిలు బిగించేస్తాడు. రెండో ఆయన శాంసన్. ఇస్సాకు వెళ్లే చర్చికే వెళ్తాడు, నలభై అయిదేళ్లు. బిగించిన నట్టును మళ్లీ ఒకసారి తట్టి చూడనిదే పక్కన పెట్టడు. పదిహేనేళ్లుగా ఒకే గోనె పట్టా మీద ఎదురెదురుగా కూర్చుని పని చేస్తూ, ఒకే టిఫిన్ డబ్బాలోంచి కూర పంచుకుంటూ బతికిన మనుషులు. టీవీ వచ్చాక ఎవరి డబ్బా వాళ్లదయింది.

తగాదా చిన్నదే. ఆ పందెం ఇరవై ఒక్క రోజులు సాగుతుంది. ఏ రోజుకారోజు గీతను ముందు దాటినవాడు ఆ రోజు గెలిచినట్టు. అన్ని రోజుల సమయమూ కలిపితే ఎవరికి తక్కువ పట్టిందో వాడికి పసుపు అంగీ తొడుగుతారు, చివరికి పందెం కూడా వాడిదే. ఆ దేశాల పేర్లు నోరు తిరగక మిస్త్రీలిద్దరూ ఆటగాళ్లకు వేరే పేర్లు పెట్టుకున్నారు. రాజమల్లు మనిషి ‘దూకుడు’. చివరి ఫర్లాంగులో కన్నుమూసి తెరిచేలోపు అందరినీ దాటేస్తాడు. ఈ ఏడాది ఇప్పటికే ఐదు రోజులు గెలిచాడు. కానీ కొండ వస్తే పది నిమిషాలు వెనకబడతాడు. శాంసన్ మనిషి ‘నిమ్మలం’. ఒక్క రోజూ గెలవలేదు. పది రోజులుగా పసుపు అంగీ మాత్రం వాడి ఒంటి మీదే ఉంది.

మరి ఈ పందేనికి రాజెవరు?

ఈ ప్రశ్న తేలకపోతే ఇస్సాకుకు ఏ నష్టమూ లేదు. అది తేలేదాకా పానాలు కింద పెట్టి మాట్లాడటమే నష్టం. అతను గడియారం పెట్టి చూశాడు. ఒక్కో వాదన అరగంట. ఇద్దరి అరగంటలు కలిపితే గంట. గంటకు ఒక సైకిలు. అంటే ఒక్క వాదన ఒక సైకిలును మింగుతుంది. రోజుకు నాలుగు వాదనలు.

మామూలు రోజుల్లో అయితే పళ్లు కొరుక్కుని ఊరుకునేవాడే. ఈ సోమవారం అట్లా ఊరుకునే వీలు లేదు. గోదాములో ఎనభై సైకిళ్ల విడిభాగాలు డబ్బాల్లో ఉన్నాయి. హసన్‌పర్తి చుట్టుపక్కల ఊళ్ల నుంచి హైస్కూలుకు నడిచి వచ్చే ఎనభై మంది ఆడపిల్లలకు ఒక ట్రస్టు వాళ్లు ఇస్తున్న సైకిళ్లవి. శనివారం పొద్దున తొమ్మిదింటికి లారీ వస్తుంది. ఆ బడి పెద్దమేడం సుభాషిణి స్వయంగా వచ్చి పని అప్పగించి వెళ్లింది.

“డెబ్బై తొమ్మిది ఇచ్చి ఒక్కటి రేపిస్తానంటే కుదరదండీ. ఒక పిల్ల మిగతా వాళ్లను చూసుకుంటూ నిలబడాలె. అది నేను చూడలేను. మీతోటి కాదంటే ఇప్పుడే చెప్పుండ్రి, హనుమకొండల పెద్ద షోరూము వాళ్లు ఇస్తమంటాన్రు.”

“ఎనభైకి ఎనభై మేడం,” అన్నాడు ఇస్సాకు. ఇరవై రెండేళ్లలో అతను అన్న మాట తప్పింది లేదు. తప్పేటట్టయితే అసలు అనడు.

లెక్క కూడా సరిగ్గానే ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులు, ఇద్దరు మిస్త్రీలు, మనిషికి రోజుకు ఎనిమిది. వాదనలు లేకపోతే ఎనభైకి ఎనభై. ఉంటే అరవై.

సోమవారం పొద్దున ఇస్సాకు దుకాణానికి వచ్చేసరికే గొంతులు వినిపించాయి.

“ఐదు దినాలు ముందుగాల ఎవడొచ్చిండు? ఏళ్లు మడిచి జెప్పు తమ్మీ.” రాజమల్లు ఐదు వేళ్లనూ శాంసన్ ముక్కు దగ్గర పెట్టాడు.

“ముందుగాల వచ్చి ఏం జేసిండే? తెల్లారి గుట్ట ఎక్కంగ పన్నెండు నిమిషాలు ఎన్కవడ్డడు. నీ దూకుడోడు బస్సు ఎక్కుట్ల ఫస్టు, ఊరు చేరుట్ల లాస్టు.”

“మరి నీ నిమ్మలపోడు ఒక్కనాడన్న రెండు చేతులు మీదికెత్తి గీత దాటిండా? ఎవని ఎన్కనో నక్కి నక్కి పోతడు. పెండ్లికి పోయి, బువ్వ తిని, ఆఖరుకు నేనే పెండ్లికొడుకునన్నట్టుంటది ఆని కత.”

“ఓపిక అంటరన్నా దాన్ని. నీకు తెల్వది.”

“పిరికితనం అంటర్రా దాన్ని!”

“రాజమల్లన్నా,” అన్నాడు ఇస్సాకు, “దండం పెడత. డబ్బాలు ఇప్పుండ్రి.”

“ఒక్క నిమిషం సేటు. గీ ముచ్చట తేలనియ్యి.”

ఇస్సాకు రిమోటులోంచి బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నాడు. వాళ్లు ఫోన్లు తీశారు. శాంసన్ నిమ్మలం కోసం ఆదివారం ప్రార్థనలో చీటీ పెట్టించానన్నాడు. రాజమల్లు కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నానన్నాడు. ఫ్రాన్సు గుట్టల మీద ఎవడు ముందెక్కాలన్న సంగతి ఇద్దరు దేవుళ్ల దాకా పోయిందని వినేసరికి ఇస్సాకుకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

గోదాము తలుపు దగ్గర పద్మలత మాత్రం తల ఎత్తలేదు. ఆమె పని చక్రాలు అల్లడం. ఫ్యాక్టరీ నుంచి రిమ్ములు విడిగా, పుల్లలు కట్టలుగా వస్తాయి. నడిమి గుబ్బకూ రిమ్ముకూ మధ్య పుల్లలు ఒక్కొక్కటే ఎక్కించి చక్రం చేయాలి. ఆ తర్వాతే మిస్త్రీలు దాని వంకర తీసి సైకిలుకు బిగిస్తారు. మొన్నటిదాకా ఆ పీట మీద ఆమె భర్త మొండయ్య కూర్చునేవాడు. అతని కంటిచూపు తగ్గాక అతని చేతి పనీ, అతని పీటా రెండూ ఆమెకు వచ్చాయి. వారం ముందు నుంచే ఆమె ఈ ఎనభై సైకిళ్ల చక్రాలు అల్లుతోంది.

పది గంటలకు ఇస్సాకు బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. వీళ్ల రోగాన్నే వీళ్లకు మందుగా పోయాలి. సుద్దముక్క తీసుకుని గోదాము తలుపు మీద నిలువునా గీత గీశాడు. ఒక పక్క ‘రాజమల్లు’, ఇంకో పక్క ‘శాంసన్’ అని రాశాడు.

“ఇగ ఇనుండ్రి. ఫ్రాన్సుల కాదు, పందెం గీడ. ఇయ్యాల్టి సంది శుక్రవారం దాంక ఐదు దినాలు. ఎవ్వలు ఎన్ని సైకిళ్లు తయారు జేస్తరో పొద్దూకంగ రాస్త. ఓడినోడు శనివారం చాయ్ హోటల్ ముంగట నిలబడి ‘అవతలోడి మనిషే రాజు’ అని గట్టిగ మూడుసార్లు అనాలె. ఒప్పుకుంటరా?”

ఇద్దరూ తలుపు వైపు చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత డబ్బాల మీద పడ్డారు.

ఆ రోజు దుకాణంలో పానాల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. సాయంత్రానికి రాజమల్లు ఎనిమిది, శాంసన్ ఏడు. మంగళవారమూ అంతే, ఎనిమిది, ఏడు. ఇస్సాకు కుర్చీలో వెనక్కి వాలి, ఆ టీవీ మొదటిసారి తనకు గిట్టుబాటు అయిందనుకున్నాడు. భోజనం తెచ్చిన భార్య సుశీలతో ఆ మాట అన్నాడు కూడా. ఆమె తలుపు మీది రాత చూసి, “ఓడినోడు ఊకుంటడా?” అని అడిగింది. ఆడవాళ్లకు వ్యాపారం తెలియదనుకుని ఇస్సాకు బువ్వ కలుపుకున్నాడు.

బుధవారం రాజమల్లు చుట్టాల ఇంట్లో పురుడని మధ్యాహ్నానికి వచ్చాడు. ఆరు చేశాడు. ఆ రోజు శాంసన్ కడుపులో ఏ దయ్యం దూరిందో, పదకొండు చేశాడు. గురువారం మళ్లీ రాజమల్లు ఎనిమిది, శాంసన్ ఏడు. ఇస్సాకు కూడిక వేశాడు. ముప్ఫై, ముప్ఫై రెండు. మొత్తం అరవై రెండు. మిగిలినవి పద్దెనిమిది. మనిషికి తొమ్మిది. శుక్రవారం సాయంత్రానికి అయిపోతాయి. అతను షట్టరు దించుతూ తనను తానే మెచ్చుకున్నాడు.

శుక్రవారం పొద్దున వచ్చేసరికి రాజమల్లు స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చేతిలో చాయ్ గ్లాసు ఉంది, పానా లేదు.

“ఏందే, డబ్బా ఇప్పలే?” అన్నాడు ఇస్సాకు.

“ఇంకెందుకు సేటు? నేను గెలిచిన.”

“ఏం గెలిచినవ్?”

“ఐదు దినాల్ల మూడు దినాలు నావి. సోమారం, మంగళారం, బేస్తారం. ఇయ్యాల ఆడు ఇరవై చేసినా ఆనికి రెండే అయితయి. తేలిపోయినంక ఎవడన్న ఒళ్లు వంచుతడా? మా దూకుడోడు గూడ గుట్ట దినం గట్లనే జేస్తడు. పైలంగ మెల్లగ ఎక్కి రెస్టు తీసుకుంటడు.”

ఇస్సాకు తలుపు మీది అంకెలను ఒకసారి చూసుకున్నాడు. శాంసన్ వైపు తిరిగాడు. శాంసన్ ముందు డబ్బా విప్పి ఉంది. ఫ్రేము పట్టుకుని ఉన్నాడు. కానీ చెయ్యి ఆడటం లేదు.

“నువ్వన్న కానియ్యి శాంసనూ.”

“నేను రెండు సైకిళ్లు ముందుకున్న అన్నా. మొత్తం కలిపితే ముప్పై రెండు నాయి. నేను ఉరుకుడు ఎందుకు? పసుపు అంగీ ఉన్నోడు ముందుకు పోడు. ఎనకున్నోని మీద కన్నేసి పెడతడు. రాజమల్లన్న ఒకటి జేస్తే నేను ఒకటి జేస్త. ఆయన కూసుంటే నేను కూసుంట.”

“అంటే?”

“అంటే గంతే. గిది టాక్టీసు.”

తన తెలివి ఎక్కడ తిరగబడిందో అర్థమయ్యేసరికి ఇస్సాకుకు ఒళ్లు మండిపోయింది. రోజుల లెక్కన రాజమల్లు నిన్ననే గెలిచేశాడు, కనుక పని చేయడు. మొత్తం లెక్కన శాంసన్ ముందున్నాడు, కనుక రాజమల్లు కదిలితే తప్ప కదలడు. గెలుపును ఏ లెక్కన చూడాలో సోమవారం తలుపు మీద తాను రాయలేదు. పందెం మొదలైన నాటి నుంచి వీళ్లు కొట్టుకుంటున్న ప్రశ్ననే తీసుకొచ్చి, తన చేతులతో, తన సుద్దతో, తన గోదాము తలుపు మీద రాసి పెట్టుకున్నాడు.

“పద్దెనిమిది సైకిళ్లున్నయే!” అరిచాడు. “రేపు తొమ్మిదింటికి లారీ! పద్దెనిమిది మంది ఆడపిల్లలకు ఏం జెప్పాలె? మా మిస్త్రీలకు టాక్టీసు వచ్చిందని చెప్పాల్నా?”

“ఫికర్ జెయ్యకు సేటు,” అన్నాడు రాజమల్లు. “ఆడు ఓడిన అనుమను. గిప్పుడే లేస్త.”

“ఆయన్నే అనుమను,” అన్నాడు శాంసన్.

“నేనే ఓడిన! నేను! మూడుసార్లు అంట! హోటల్ కాడ కాదు, బస్టాండుల మైకు వెట్టి అంట!” అన్నాడు ఇస్సాకు.

“నువ్వు ఓడితే ఏం లాభమే,” అన్నాడు రాజమల్లు ఎంతో దయగా. “నువ్వు పందెంల లేవు గద.”

పది దాటింది. పదకొండైంది. ఇస్సాకు బతిమాలాడు, తిట్టాడు, చర్చి పెద్దలకు చెబుతానన్నాడు, పరకాలలో రాజమల్లు ఇంటికి ఫోను చేస్తానన్నాడు. ఇద్దరూ ఒకరి చేతులను ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. రాజమల్లు బీడీ కోసం జేబులో చెయ్యి పెడితే, పానా తీస్తున్నాడనుకుని శాంసన్ ఉలిక్కిపడి ఫ్రేము ఎత్తాడు. బీడీ అని తెలిసి మళ్లీ దించాడు. ఇస్సాకు ఒక గంటను ఇద్దరితో హెచ్చవేసి చూసుకున్నాడు. రెండు సైకిళ్లు గాలిలో కలిశాయి.

అప్పుడు పద్మలత పీట మీది నుంచి లేచింది. నడుము పట్టేసిందేమో, ఒక చెయ్యి వెనక పెట్టుకుని మెల్లగా వచ్చింది. ఇంకో చేతిలో చక్రం ఉంది.

“శాంసన్ తమ్మీ, ఒక ముచ్చట అడుగుత. ఆ టీవీల మీ నిమ్మలపాయన ముంగట ఆరుగురో ఏడుగురో ఒక్క తీరు అంగీలేసుకుని తొక్కుతాంటరు. వాళ్లెవ్వలు?”

“వాళ్లా అక్కా? ఆయన జట్టోళ్లు. గాలిని కోత్తరు. వాళ్లు ముంగటుంటే ఎన్కున్నాయినకు గాలి తగలది, సగం బలం మిగులుతది. నీళ్ల సీసాలు గూడ వాళ్లే తెస్తరు.”

“మా దూకుడోనికి గూడ ఉన్నరు,” అన్నాడు రాజమల్లు వెంటనే. “గీత దగ్గర్దాంక గుంజుకొచ్చి ఇడుస్తరు.”

“మరి వాళ్లు ఎప్పుడు గెలుస్తరు?”

“వాళ్లు గెలుసుడేంది అక్కా?” అన్నాడు శాంసన్. “వాళ్ల పనే అది. ఆఖర్న నూట ఇరవయ్యో, నూట నలభయ్యో నంబర్ల వస్తరు.”

“అట్లనా.” పద్మలత తలుపు మీది రాతను పైనుంచి కిందిదాకా చూసింది. “నువ్వు జేసిన ముప్పై రెంటికి చక్రాలెన్ని తమ్మీ?”

శాంసన్ చేతిలోని ఫ్రేము కింద పెట్టాడు.

“రాజమల్లన్న ముప్పైకి ఎన్ని?”

రాజమల్లు చాయ్ గ్లాసులోకి చూశాడు. అది ఎప్పుడో ఖాళీ అయింది.

“నూట ఇరవై నాలుగు,” అన్నాడు ఇస్సాకు. లెక్క కనిపిస్తే ఊరుకోలేని నోరు అతనిది. అన్నాక అతనికే ఎట్లాగో అయింది. సోమవారం తలుపు మీద రెండు పేర్లే రాశాడు. ప్రతి ఉదయం ఆమె పక్కనున్న కుప్పలోంచి చక్రాలు తీసి వీళ్లకు అందించింది తానే. సాయంత్రం సైకిళ్లు లెక్కపెట్టింది కూడా తానే. చక్రాలు మాత్రం లెక్కలోకి రాలేదు.

“మిగిలిన ముప్పై ఆరు గూడ అల్లిపెట్టిన,” అంది పద్మలత. “మీ ఇద్దర్ల ఎవ్వలు గెలిచిన్రో తేలేదాంక అవి ఎవ్వలకు ఇయ్య. నా కాడ్నే ఉంటయి. పానా ఇటియ్యి అన్నా.”

రాజమల్లు చేతిలో లేని పానాను ఆమె పట్టా మీది నుంచి తానే తీసుకుంది. ఒక డబ్బా విప్పింది. ఫ్రేము నిలబెట్టి, వెనక చక్రం ఎక్కించి, చైను పెట్టడం మొదలుపెట్టింది. మొండయ్య పక్కన ఇరవై ఏళ్లు చూసిన పని. చెయ్యి మెల్లగానే ఉంది, ఎక్కడా తడబడలేదు. ఇద్దరు మిస్త్రీలూ గుడ్లప్పగించి చూశారు. మొదటి సైకిలు గంటన్నరకు స్టాండు మీద నిలబడింది. ఆమె సుద్ద తీసుకుని తలుపు చివర, ఎవరి పేరూ లేని చోట, ఒక అడ్డగీత గీసింది.

“అక్క రెండోది మొదలువెట్టింది,” అన్నాడు శాంసన్ లోగొంతుకతో.

“నాకు కండ్లు లేవార?” అన్నాడు రాజమల్లు.

“ఇయ్యాల్టి దినం ఆమెదే అయితదే. ఇద్దరం సున్నా మీద కూసున్నం.”

రాజమల్లు ఆ మాటను కాసేపు నమిలాడు. ఒక రోజంతా సున్నాతో, అదీ చక్రాలు అల్లే మనిషి చేతిలో ఓడితే, రేపు చాయ్ హోటల్ ముందు ఎవరి పేరు అరవాలి? దూకుడు పరువూ పోతుంది, నిమ్మలం పరువూ పోతుంది. ఇద్దరూ ఒకేసారి లేచారు. ఎవరు ముందు లేచారన్న దాని మీద కూడా వాదన పుట్టేదే, కానీ పద్మలత తల ఎత్తింది.

“చక్రాలు కావాల్నంటే ఒక షరతు. లారీ పోయేదాంక ఆ రేసు ముచ్చట ఎవ్వల నోట్లె రావద్దు. రిమోటు నా దగ్గరుండాలె.”

ఇస్సాకు జేబులోంచి బ్యాటరీలు తీసి రిమోటులో వేసి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.

అప్పటికి ఒంటిగంట. ఉన్న గంటలను ముగ్గురికి పంచి చూశాడు ఇస్సాకు. ఒకటి తక్కువ పడుతోంది. ఏ మూల నుంచి కూడినా ఆ ఒక్కటి తక్కువే. గల్లాపెట్టెకు తాళం వేసి, చొక్కా చేతులు మడిచి, తానే ఒక డబ్బా ముందు కూర్చున్నాడు. పానా పట్టి పన్నెండేళ్లయింది. ఫ్రేము దాకా బాగానే సాగింది. చక్రం వంకర తీయబోతే అసలు కథ మొదలైంది. ఒక పుల్ల బిగిస్తే చక్రం ఇటు వంగింది, ఇంకోటి బిగిస్తే అటు వంగింది. తిప్పితే కల్లు తాగినవాడి నడకలా ఊగింది. రెండో చక్రమూ అంతే. పొద్దుగూకే వేళకు రాజమల్లు ఆరు చేశాడు, శాంసన్ ఆరు, పద్మలత అయిదు. తన సైకిలు మాత్రం చక్రాలు లేకుండా తలకిందులుగా నిలబడింది. ఎవరూ చూడకుండా ఆ రెండు చక్రాలనూ టైర్ల వెనక గోడకు ఆనించి, పొద్దున ముందొచ్చి చూద్దామనుకుని, తాళంచెవి ఎప్పటిలాగే పద్మలతకిచ్చి ఇంటికి పోయాడు. పొద్దున షట్టరు తీసి ఊడ్చేది ఆమే.

శనివారం ఏడింటికి వచ్చి చక్రాలు బయటికి తీశాడు. భయపడుతూనే తిప్పాడు. గీత గీసినట్టు తిరిగింది. రెండోది తిప్పాడు. అదీ అంతే. ఇస్సాకు కాసేపు తన చేతులను చూసుకున్నాడు. పన్నెండేళ్లయినా పని చేతుల్లోంచి పోలేదన్నమాట. పుల్లలు రాత్రంతా సర్దుకుని ఉంటాయి, ఇనుము కదా, అనుకున్నాడు. ఎనిమిదిన్నరకు ఎనభయ్యో సైకిలు నిలబడింది.

లారీతో పాటే సుభాషిణి మేడం దిగింది. నోటితో లెక్కపెట్టింది. ఎనభై. వరసలోంచి ఒక సైకిలు బయటికి లాగి, ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పింది. అది ఊగకుండా, గీరుకోకుండా చాలాసేపు తిరిగింది.

“ఇది ఎవరు చేసిన్రు? చానా బాగుంది.”

అది ఎనభయ్యోది. “నేనే మేడం,” అన్నాడు ఇస్సాకు. మిస్త్రీలిద్దరూ దగ్గారు. పద్మలత గోనెసంచి దులుపుకుంటూ ఉండిపోయింది.

“వచ్చే ఏడాది మా పక్క బడికి గూడ కావాలె. మీకే చెప్తం,” అని మేడం లారీ ఎక్కింది. లారీ మలుపు తిరిగేదాకా ఇస్సాకు చూశాడు. మాట నిలబడింది. అయిదు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాడు.

ఆ ఊపిరి వదిలేలోపే వెనక నుంచి గొంతులు వినిపించాయి.

“నిన్న ఆరుకారు, సమానం. అంటే దినాలు మూడు నాయి, ఒకటి ఆనిది. నేనే గెలిచిన.”

“మొత్తం చూడరాదు? నీయి ముప్పై ఆరు, నాయి ముప్పై ఎనిమిది.”

“లారీ పోయింది గద అక్కా,” అన్నాడు రాజమల్లు చేతులు కట్టుకుని. “షరతు అయిపోయింది. జర రిమోటు…”

పద్మలత టీవీ పెట్టింది. నిన్నటి పందెం మళ్లీ వేస్తున్నారు. ఒక బక్క మనిషి వీపు నిండా, అంగీ లోపల కూడా నీళ్ల సీసాలు కుక్కుకుని, చెమటలు కారుస్తూ జట్టును అందుకోవడానికి కొండ మీదికి తొక్కుతున్నాడు. ఆమె కాసేపు చూసింది.

“గీయన పేరేంది?”

“ఆయనా? ఎవ్వలో,” అన్నాడు శాంసన్. “నీళ్లు మోసేటోడు. నూట ముప్పై ఏడో నంబర్ల ఉన్నడు.”

“నాకు గీయనే రాజు.”

“అక్కా! నూట ముప్పై ఏడోవాడు రాజెట్లయితడు?”

“మీ ఇద్దరి రాజులు నీళ్లు తాగకుంట తొక్కుతరా?”

“అది గాదు పద్మక్కా, రూలు ప్రకారం…” అంటూ రాజమల్లు స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

ఇస్సాకు తల పట్టుకున్నాడు. ఇద్దరు వాదిస్తే ఒక సైకిలు పోయేది. ఇక ముగ్గురు. ముగ్గురి అరగంటలూ కూడితే ఒకటిన్నర. పైగా ఈ మూడో పక్షం దగ్గర రిమోటు కూడా ఉంది.

తడిగుడ్డ తీసుకుని తలుపు తుడవబోయి ఆగాడు. చివరన ఆమె గీసిన అయిదు అడ్డగీతలు ఎవరి పేరూ లేకుండా ఉన్నాయి. సుద్ద తీసుకుని వాటి పైన ‘పద్మలత’ అని రాశాడు. ఏమనుకున్నాడో, దాని కింద ‘చక్రాలు 160’ అని కూడా వేశాడు. ఇన్నాళ్లకు ఒక లెక్క సరిచేశానన్న తృప్తితో వెనక్కి జరిగి చూసుకున్నాడు.

“సేటు,” అంది పద్మలత టీవీ మీంచి చూపు తిప్పకుండా. “నూట అరవై కాదు. నూట అరవై రెండు.”

“ఎనభై ఇంటూ రెండు నూట అరవయ్యే గద అక్కా?”

“టైర్ల ఎనక దాసిపెట్టిన రెండు పొద్దుగాల ఇప్పి మల్ల అల్లిన.”

ఫ్రాన్సు గుట్ట మీద ఎవడు ముందున్నాడో చూడటం మానేసి మిస్త్రీలిద్దరూ ఇస్సాకు వైపు తిరిగారు. అయిదు రోజుల్లో మొదటిసారి ఇద్దరూ ఒకే సంగతికి నవ్వారు. ఇస్సాకు ఎవరి ముఖమూ చూడకుండా సున్నాను తుడిచి, దాని చోట రెండు వేశాడు.